మూతి మూలన గాడి

"నువ్వు ఇటు రాకు లతా, నీసు వాసన బాలింతకు పడదు" అని అత్తమ్మ వంటింటి గుమ్మం దగ్గరే నన్ను ఆపేసింది. ఇంకో గంటకి ఆ నీసునే వెల్లుల్లి దట్టించి పిట్టుగా వండి, నా ముందు పెట్టి, ఆఖరి ముద్ద మింగేదాకా గోడకు ఆనుకుని నిలబడుతుంది. వాసన పడని బాలింతకు చేప ఎలా పడుతుందో అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఈ ఇంట్లో నేనేం అడిగినా "చదువుకున్నదానివి గదా, నీకే తెల్వాలె" అన్నదే జవాబు. చేతిలో పసివాడి గుడ్డలు ఉతికి పిండిన బకెట్ ఉంది. వాసన పడదు గానీ బకెట్ బరువు మాత్రం పడుతుందన్నమాట. పెరట్లోకి వెళ్లి ఒక్కో గుడ్డ దులిపి తీగ మీద వేస్తూ, చెవిని వంటింటి కిటికీకి అప్పగించాను.

వంటింటి వెనక గుమ్మంలో ఎల్లస్వామి ఉన్నాడు. ప్రతి ఆదివారం సత్తుపల్లి నుంచి ఐసు పెట్టెలు బండికి కట్టుకుని టేకులపల్లి దాకా వచ్చి సముద్రపు చేపలు అమ్ముతాడు. ఈ అడవి పక్క ఊళ్లలో కొర్రమీను, బొచ్చె తప్ప వేరే చేప మొహం చూసేవాళ్లు తక్కువ. మా అత్తమ్మ శ్యామల పుట్టిల్లు వేంసూరు. ఆంధ్ర సరిహద్దు కాబట్టి సముద్రపు చేపల రుచి, వాటితో వచ్చే పట్టింపులు అన్నీ తెలుసు ఆమెకు. బాలింతకు పాలసొర పెడితే పాలు ధారగా పడతాయన్నది వాటిలో పెద్ద పట్టింపు. పాలసొర అంటే మూరెడు పొడవుండే చిన్న సొరచేప.

"అసలు పాలసొర ఒక్కటే దొరికిందమ్మా. ఇగో, ఇది గూడ గసుంటిదే. చూస్తే తేడా తెల్వదు, వండితే అసలే తెల్వదు" అంటున్నాడు ఎల్లస్వామి.

"నాకు తెలుస్తది లే. రెండూ ఇచ్చిపో. ఇంట్లో ఇద్దరు బాలింతలున్నరు" అంది అత్తమ్మ.

ఒకటి అసలుది, ఒకటి కాదు. ఇద్దరు బాలింతల్లో ఒకరు ఆమె కన్నకూతురు వనజ, ఇంకొకరు నేను. ఏది ఎవరికి పోతుందో చెప్పడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు. చేతిలో ఉన్న గుడ్డను ఎంత గట్టిగా దులిపానంటే పక్కింటి కోడి ఉలిక్కిపడి గోడ దూకింది.

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఆ తేడా అత్తమ్మకు నేర్పింది నేనే. అప్పుడు నాకు ఏడో నెల. వనజ కూడా కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఎల్లస్వామి తెచ్చిన రెండు చిన్న సొరలను నీళ్ల తొట్టి దగ్గర పరిచి, "నువ్వు చేపల చదువే చదివినవ్ గదా, ఇందుల పాలసొర ఏదో చెప్పు చూద్దాం" అంది అత్తమ్మ. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక నా చదువు గురించి ఎవరైనా ఒక మాట అడగడం అదే మొదలు. ఎంత పొంగిపోయానో! పొట్ట అడ్డం వస్తున్నా పీట వేసుకుని కూర్చున్నాను. రెంటికీ బూడిద రంగు వీపు, తెల్లటి కడుపు, గరుకు తోలు. ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. వాటిలో ఒకటి నాకు బాగా తెలిసిందే, డిగ్రీలో ఫార్మలిన్ వాసనకు కళ్లు మండుతుంటే మేమంతా కోసిన స్కోలియోడాన్. దాని ముక్కు పార రేకులా సాగగొట్టినట్టు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. పక్క రెక్కలు పొట్టివి. వీపు మీది పెద్ద రెక్క బాగా తోక వైపుకి జరిగి ఉంటుంది. పాలసొర ముక్కు సన్నగా సాగి ఉంటుంది, కళ్లు పెద్దవి. ఇవన్నీ ఒక ఎత్తు, మూతి ఒక ఎత్తు. చేపను వెల్లకిలా పడుకోబెట్టి, పెదవి చివర బొటనవేలు పెట్టి పైకి జరిపి చూపించాను. పాలసొరకు మూతి మూలన గాడి ఉంటుంది, గోరుతో గీసినట్టు పొడుగ్గా. దాని పైన సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాల వరస. రెండో దానికి ఆ గాడి ఉందా లేదా అన్నట్టు ఉంటుంది.

"కళ్లు ఆనకపోతే గోరుతో తడిమినా తెలుస్తది అత్తమ్మా" అన్నాను. ఆమె నా చెయ్యి పక్కకు నెట్టి తానే తడిమి చూసింది. "అవ్, ఉంది" అంది చిన్నపిల్లలా. ఈ సొరలు గుడ్లు పెట్టవని, కడుపులో పిల్లకి మనలాగే బొడ్డుతాడు ఉంటుందని చెబితే నోరు తెరిచింది. లోపల టీవీ చూస్తున్న మా ఆయన హరిప్రసాద్ "ఎమ్మెస్సీ చదివింది సొరచేప మూతి చూసుడుకా?" అని నవ్వాడు. అతను నవ్వినా నాకు బాధ కలగలేదు. ఆ పూట నేను ఆ ఇంటికి టీచర్ని. ఇల్లెందులో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. కడుపు కనబడటం మొదలవగానే "అన్నీ అయినాక చూద్దాం మేడమ్" అని ఇంటికి పంపారు. క్లాసు చెప్పి చాలా రోజులైన నోటికి నీళ్లతొట్టి గట్టు మీద ఒక విద్యార్థిని దొరికింది.

తర్వాత వనజకు ఆడపిల్ల పుట్టింది. రెండో ఆడపిల్ల. పెద్దది వాళ్ల నాయనమ్మ దగ్గర ఉంది. భర్త రాజేష్ ఒక్కసారి వచ్చి, టీ తాగి, పిల్లను ఎత్తుకోకుండానే డ్యూటీ ఉందని వెళ్లిపోయాడు. ఆ వెనకే నాకు కొడుకు పుట్టాడు. మా అమ్మ లేదు. కారేపల్లిలో నాన్న ఒక్కడే ఉంటాడు, ఆయనే కిరాయి ఇంట్లో వండుకుని తింటున్నాడు, నన్నేం చూస్తాడు? అందుకని నా బాలింతతనం కూడా అత్తింట్లోనే. ఇద్దరు బాలింతలు ఒకే కప్పు కింద ఉంటే ఒకరి ముఖం ఒకరు చూడకూడదట, ఒకరి పాలు ఒకరు లాగేసుకుంటారట. ఇది కూడా వేంసూరు పట్టింపే. ఆ చివరి గది వనజకి, ఈ చివరి గది నాకు, మధ్యలో హాలు, హాల్లో కాపలాగా అత్తమ్మ మంచం. ఎంగిలి కూడా కలవకూడదని గిన్నెలూ వేరే. స్టీలు మూత గిన్నె నాది. ఇత్తడి మూత గిన్నె వనజది. ఒకే ఇంట్లో ఉండి వనజ గొంతు వినడమే తప్ప ముఖం చూసి ఎన్నాళ్లయిందో. కాన్పుకు ముందు ఇద్దరం ఒకే చాప మీద పడుకుని మామిడికాయ ముక్కలు పంచుకున్నవాళ్లం.

బాలింత గది అంటే సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది, నడుముకు బిగించి కట్టిన పాత చీర. వీటన్నిటినీ భరించవచ్చు. భరించలేనిది ఆ ప్రశ్న. "పాలు పడ్డయా?" పొద్దున లేవగానే అత్తమ్మ. మధ్యాహ్నం ఫోన్లో, గనిలో డంపర్ నడిపే మా ఆయన. చూడటానికి వచ్చిన వాళ్లంతా. బోరు వేసిన చోట నీళ్లు పడ్డాయా అని అడిగినట్టు. నా గురించి అడిగినవాళ్లు లేరు. కుట్లు మానాయా, నిద్ర పట్టిందా, అన్నం సయిస్తుందా, ఇవేవీ ఎవరికీ గుర్తుకు రావు. ఒకరోజు పిల్లాడు సాయంత్రమంతా ఏడిస్తే హరి తలుపు దగ్గర నిలబడి "పాలిచ్చుడే గద నీ పని? కూసోని చేసేదే. అది గూడ సక్కగ చేస్తలేవా?" అన్నాడు. కూర్చోవడానికే కుట్లు సలుపుతున్నాయని నేను చెప్పలేదు. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని అత్తమ్మ గ్లాసు లెక్కపెట్టి ఇస్తోందనీ, నేను పరుపు సందులో సీసా దాచుకుని దొంగతనంగా తాగుతున్నాననీ అసలే చెప్పలేదు. నా దాహాన్ని నేనే దొంగిలించి తీర్చుకుంటున్నాను.

ఇప్పుడు పాలసొర సంగతి. సొరచేప తింటే పాలు పడవని నాకు తెలుసు. పిల్లాడు చప్పరిస్తే పాలు పడతాయి, తల్లికి తిండీ నీళ్లూ నిద్రా ఉంటే పడతాయి. సొరచేపకు దాని సొంత పిల్లకి ఇవ్వడానికే పాలుండవు, నాకెక్కణ్నుంచి తెస్తుంది? ఇదంతా క్లాసులో అయితే నవ్వుతూ చెప్పేదాన్ని. గది నాలుగు గోడల మధ్య మాత్రం వేరే లెక్క. నమ్మకం లేని మందే కావచ్చు, కానీ నాకని తెచ్చింది ఇంకొకరి పళ్లెంలోకి పోతోందంటే కడుపు మండదా? పైగా నేను నేర్పిన విద్యతోనే ఏరి, తన కూతురికి అసలుది పెట్టి, నాకు నకిలీది పెట్టి, మళ్లీ నన్నే "పాలు పడ్డయా" అని నిలదీస్తుందా?

అనుమానం ఒకసారి ఇంట్లోకి వస్తే చీపురుపుల్ల కూడా సాక్ష్యమే. పిట్టు ఎందుకు చేస్తుంది, పులుసు ఎందుకు పెట్టదు? ఉడికించి, తోలు తీసి, పొడి పొడిగా చిదిపేస్తే అది ఏ చేపో పరమాత్ముడు కూడా చెప్పలేడు కాబట్టి. నేను తింటున్నంతసేపూ ఎందుకు నిలబడుతుంది? నేను ముద్దను చిదిమి పరీక్ష చేయకుండా. నన్ను వంటింట్లోకి ఎందుకు రానివ్వదు? ఇక దానికి జవాబెందుకు. అన్నిటికంటే నన్ను కాల్చింది వనజ గది తలుపు. రోజుకోసారైనా అత్తమ్మ ఆ గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంటుంది. లోపల గుసగుసలు. వనజ ఏదో అంటుంది, అత్తమ్మ ఏదో సముదాయిస్తుంది. తల్లీ కూతుళ్లు, ఎన్ని కబుర్లో. నాకు తల్లి ఉంటే నా గది తలుపు కూడా అలా మూసుకునేదని ఏడుపొచ్చేది. ఆశ కార్యకర్త జంపక్క వచ్చినప్పుడు మా వాణ్ని గుడ్డ ఉయ్యాల తక్కెడలో తూచి "మంచిగున్నడు, రంధి పెట్టుకోకు" అంది నాకు. వనజ గదిలో మాత్రం చాలాసేపు ఉంది. వెళ్లేటప్పుడు నా గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, ఏదో చెప్పబోయి, వెనక అత్తమ్మను చూసి వెళ్లిపోయింది. నా గురించే ఏదో అనుకుని ఉంటారనుకున్నాను. "ఏమన్నది అత్తమ్మా?" అంటే "ఏమంటది, ఇద్దరూ మంచిగున్నరంది" అని కొంగుతో మొహం తుడుచుకుంది. వనజ పిల్ల ఏడుపు మాత్రం నాకు వినబడేది. మొదట్లో ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. రాను రాను సన్నబడింది. అత్తమ్మ పెట్టే అసలు పాలసొర పనిచేసి కడుపు నిండుతోందని అనుకున్నాను. దేవుడా, నిజంగా అలాగే అనుకున్నాను.

ఎల్లస్వామి వచ్చిపోయిన మర్నాడు, గుడ్డలు ఆరవేసే నెపంతో పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పుల్లతో మట్టి కదిపాను. సొర తలలు వండరు, అక్కడే పాతిపెడుతుంది అత్తమ్మ. రెండు తలలు దొరికాయి. చీమలు పట్టాయి, కళ్లు పోయాయి, అయినా మూతి అబద్ధం చెప్పదు. ఒకదాని ముక్కు పారలా వెడల్పు, మూతి మూలన ఏమీ లేదు. రెండో దానికి గాడి స్పష్టంగా ఉంది, పైన రంధ్రాల వరస కూడా. కుట్లు సలుపుతున్నా చాలాసేపు గొంతుక్కూర్చునే ఉన్నాను. ఈ ఇంట్లో నా చదువు పనికొచ్చింది ఒక్కసారే, అది కూడా నా కంచంలో మట్టి కొట్టడానికే అనుకున్నాను. తలల మీద మట్టి కప్పేసి, చేతులు కడుక్కుని, లోపలికి వచ్చి పిల్లాడికి పాలిస్తూ వాడి నుదురు మీద కన్నీళ్లు రాల్చాను. వాడికేం తెలుసు, తాగుతూనే ఉన్నాడు.

ఆ వారమంతా మనసులో మాటలు పేర్చుకున్నాను. కళ్లతో చూసి, గిన్నె పట్టుకుని, హరి ముందే అడగాలి. మళ్లీ ఆదివారం ఎల్లస్వామి బండి చప్పుడు వినగానే బకెట్ తీసుకుని పెరట్లోకి నడిచాను. వంటింటి కిటికీకి దోమల జాలీ ఉంది. ఎండలో నిలబడితే లోపలి మనుషులు కనబడరు, నీడలోకి జరిగి మొహం ఆనిస్తే అన్నీ కనబడతాయి. అత్తమ్మ పీట మీద కూర్చుని ఉంది. ముందు పళ్లెంలో రెండు సొరలు. ఒకదాన్ని వెల్లకిలా తిప్పి, పెదవి చివర బొటనవేలు పెట్టి పైకి జరిపింది. అచ్చం నా చెయ్యి తిరిగినట్టే తిరిగింది ఆమె చెయ్యి. కళ్లు చిట్లించింది. గోరుతో తడిమింది. దాన్ని పక్కన పెట్టి రెండోదాన్నీ అలాగే చూసింది. ముక్కు సన్నగా ఉన్న చేప రెండోది, నాకు జాలీలోంచే తెలిసిపోయింది. కత్తిపీట మీద దాన్ని ముక్కలు చేసి, కడిగి, పక్కనున్న గిన్నెలో వేసి మూత పెట్టింది.

స్టీలు మూత.

పొరపాటు పడింది అనుకున్నాను. కాదు, పారముక్కు సొరను కోసి ఇత్తడి మూత గిన్నెలో వేసింది. వేసి, రెండు గిన్నెలూ ఒకసారి చూసుకుని, స్టీలు మూత గిన్నెను దేవుడి పటానికి చూపించినట్టు కాస్త పైకెత్తి పొయ్యి మీద పెట్టింది. మొదట నాకు కలిగింది సంతోషం. దాచుకోను, సంతోషమే. అసలుది నాకే! ఈమె నన్ను కూతురి కంటే ఎక్కువగా చూసుకుంటోందా! అంతలో ఆ చివరి గదిలోంచి వనజ పిల్ల ఏడుపు వినిపించింది. ఏడుపు కూడా కాదది, ఓపిక లేని మూలుగు. కడుపు నిండిన పిల్ల అలా ఏడవదు. ఇన్నాళ్లూ నేను విన్నది అదే ఏడుపు, ఈ రోజే అర్థమైంది. చేతిలోని తడిగుడ్డ నేల మీద పడిపోయింది.

బకెట్ అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్లాను. "రాకన్న గదా" అంది అత్తమ్మ.

"అసలుది నా గిన్నెలో వేసిన్రు" అన్నాను.

"అవ్. ఏస్తే?"

"వనజకో?"

"దానికీ ఏసిన గదా. అదీ సొరే."

"అది పాలసొర కాదని మీకు తెలుసు. నేనే చెప్పిన."

అత్తమ్మ కత్తిపీట మడిచి గోడకు ఆనించింది. "పాలు తాగేది మగపిల్లాడు. వాడికి తక్కువ కాకూడదు. ఆడపిల్లకి అంత పాలెందుకు లతా? డబ్బా పాలు పడితే పెరగదా? పెరిగి ఎటు పోతది? ఆ అయ్యే వచ్చి ఎత్తుకోలేదు" అంది. గొంతులో కోపం లేదు. లెక్క సరిగ్గానే చెబుతున్న మనిషి గొంతు.

"వనజ మీ కడుపున పుట్టింది కదా అత్తమ్మా."

"పుట్టింది. దాని బాధ నాకు తెల్వదా?" ఈసారి గొంతు లేచింది. "హరి పుట్టినప్పుడు మా అత్త మనిషిని పంపి మరీ పాలసొర తెప్పించింది. వనజ పుట్టినప్పుడు నాకు కారం మెతుకులే. ఎందుకత్తమ్మా అని అడిగితే, ఆడపిల్లకి అదే ఎక్కువ అన్నది. నేను దానికి ఏదో ఒక సొర పెడుతున్నా. నాకు అదీ పెట్టలే."

తనకు జరిగినదానికంటే ఒక సొర ఎక్కువ ఇచ్చింది కాబట్టి తాను న్యాయంగానే ఉన్నానని ఆమె నమ్మకం. ఇంతలో హాల్లోంచి హరి వచ్చాడు. ఆదివారం సెలవు, చేతిలో ఫోను. "ఏమైంది? ఏంది లొల్లి?" అన్నాడు. చెప్పాను. అతను తల్లి వైపు చూడలేదు, ఆశ్చర్యపోలేదు. అతనికి తెలుసు. "నీకు మంచిది పెడితే గూడ లొల్లేనా?" అన్నాడు. "మన పిల్లగాడికే గద పెట్టేది. గా పిల్లది రాజేష్ చూస్కుంటడు. నువ్ పొయ్యి కూసో."

ఆ ఒక్క మాటతో నా అనుమానాలన్నీ వరసగా లేచి, తిరిగి వేరే చోట కూర్చున్నాయి. అత్తమ్మ నేను తింటున్నంతసేపూ నిలబడేది ఆ ముద్ద పొరపాటున కూడా వనజ గదికి పోకుండా. జంపక్క నా గుమ్మం ముందు ఆగింది నా గురించి చెప్పడానికి కాదు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో దొంగ సొత్తు తిన్నది నేను, దొంగల కోసం వెతికిందీ నేనే.

పిట్టు అయ్యేదాకా నా గదిలో కూర్చున్నాను. పిల్లాడికి కడుపు నిండా పాలిచ్చి పడుకోబెట్టాను. అత్తమ్మ పళ్లెం తెచ్చి నా ముందు పెట్టి గోడకు ఆనుకుంది. "తిను, చల్లారిపోతది." పళ్లెం అందుకుని లేచి నిలబడ్డాను. "ఎటు?" అంది. హాలు దాటాను. ఎంత చిన్న హాలు! ఇన్నాళ్లూ వాగు దాటినంత పని అన్నట్టు దాటలేదు. వెనక "లతా, అది మంచిది కాదు, ఇద్దరికీ పాలు పోతయి!" అన్న అరుపు వినబడింది. వనజ గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టాను.

వనజ మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. నన్ను చూసి గబుక్కున పిల్ల మొహం మీద కొంగు కప్పింది. ఎంత చిక్కిపోయింది! జుట్టు అట్టకట్టి, కళ్ల కింద నల్లగా.

"ఎందుకొచ్చినవ్ వదినా? ఇంకేమన్న నేర్పిచ్చేది ఉందా?" అంది.

"ఏం నేర్పిచ్చిన్నే?"

"మూతి మూలన గాడి. నువ్వే గద అమ్మకు నేర్పిచ్చింది. నాకు మంచిది పెట్టమంటే అమ్మ ఏమన్నదో తెల్సా? నీ వదిన చదువుకున్నది, కనిపెడ్తది, మంచిది తనకే పెట్టాలని గట్టిగ చెప్పింది, నేనేం చెయ్యాలె బిడ్డా అన్నది. రోజూ గిదే మాట. నా బిడ్డ బరువు తగ్గిందని జంపక్క చెప్పింది వదినా. దవాఖానకు తీస్కపొమ్మన్నది. తీస్కపోయేటోళ్లెవరు?"

మూసిన తలుపు వెనక గుసగుసలు అవన్నమాట. నాకు లేని తల్లీకూతుళ్ల కబుర్లని నేను ఏడ్చింది వీటికే. నేనలా అనలేదని ఒట్టు వేయాలనిపించింది. వేసి ఏం లాభం? నేను కూడా ఇన్నాళ్లూ ఆమె గురించి అలాంటివే అనుకున్నాను. మాకిద్దరికీ ఒకరి మీద ఒకరికి అనుమానం వడ్డించి, రెండు గిన్నెలకూ మూతలు పెట్టేశారు.

"నేను గట్లనలేదు. కానీ నేను గూడ నువ్వే మంచిది తింటున్నవ్ అనుకున్న" అన్నాను. వనజ నా మొహంలోకి అలాగే చూసింది. తర్వాత ఆమె మొహం పిల్ల మొహంలాగే ముడుచుకుపోయింది. పళ్లెం మంచం మీద పెట్టి, ఒక ముద్ద నేను తిని, ఒకటి ఆమె నోటికి అందించాను. నమిలింది. ఏడుస్తూనే "ఇది గూడ గట్లనే ఉంది, ఏం తేడా లేదు" అంది. ఇద్దరికీ ఏడుపులో నవ్వొచ్చింది. "రేపు జంపక్కను పిలుస్త. నువ్వు, నేను, పిల్లలు, నలుగురం దవాఖానకు పోదాం. మీ అన్న రాకున్నా సరే" అన్నాను. "నీళ్లెన్ని తాగుతున్నవ్?" అని అడిగితే, తలుపు వైపు భయంగా చూసి, తలగడ కింద నుంచి సీసా తీసి చూపించింది. నాది పరుపు సందులో, ఆమెది తలగడ కింద, అంతే.

"ఇటియ్యి పిల్లను" అన్నాను.

"వద్దు వదినా. నీ పాలు పోతయట."

"పోతే దీని కడుపులకే గద పోయేది."

పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను. చేతికి బరువే తెలియలేదు. రొమ్ము నోటికి అందిస్తే మొదట పట్టుకోలేదు, పెదవులు తడుముకున్నాయి. పెదవి చివర నా బొటనవేలు పెట్టి మెల్లగా జరిపాను. పట్టింది. గుటక వేసింది, ఆగింది, మళ్లీ వేసింది. వనజ తన చెయ్యి పిల్ల వీపు మీద వేసి ఆ గుటకలు లెక్కపెడుతున్నట్టు కూర్చుంది. నా కళ్ల ముందు ఆ పసిదాని చెవి కొంచెం కొంచెంగా ఎర్రబడింది.

బయట నా కొడుకు లేచాడు. నిండుగా, హక్కుగా, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. తలుపు మీద దబదబ బాదుతున్నారు. హరి గొంతు, అత్తమ్మ గొంతు కలిసిపోయాయి. "లతా, తలుపు తియ్యి! పిల్లగాడు ఏడుస్తుండు, ఆకలైతుందేమో!"

వాడికి కడుపు నిండా పట్టే వచ్చానని నాకు తెలుసు. పిల్లను ఇంకాస్త దగ్గరికి పొదువుకుని చెప్పాను.

"ఏడవనీ అత్తమ్మా. ఆగుడు వాడు గూడ నేర్చుకోవాలె."